యాభై ఆరు కిలోల తెల్ల చుక్క

మార్చి 3, సోమవారం

కొత్త పుస్తకం కొన్నాను. తొంభై ఆరు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. ముందు వైపు నుంచి ర్యాలీ నోట్స్. తిరగేసి, వెనక వైపు నుంచి ఇది. ఇది ఎవరికోసమూ కాదు. నేను పనిచేసే లేత్ షాపులో నోరు విప్పితే ఓనర్ వింటాడు, ఇంట్లో విప్పితే అమ్మ వింటుంది. కాగితానికి చెవులు లేవు.

పోయిన ఏడాదీ ఇలాగే రాసుకున్నాను. ఈసారి నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. ఎంత చెత్త రాసినా పేజీ చింపకూడదు. ఎందుకో తర్వాత రాస్తాను. రాయకపోవచ్చు కూడా.

ఈ ఏడాది ర్యాలీ ఏప్రిల్ 6న. మా తమ్ముడు నడుపుతాడు. నేను పక్క సీట్లో కూర్చుని రాబోయే మలుపులు చదువుతాను. కారు ఇద్దరిదీ. ఇరవై ఎనిమిదేళ్ళ పాత బండి, అమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. వాడు దాన్ని నడపడం తప్ప ఇంకేమీ చేయడు. ఇంజను నా పని, సస్పెన్షన్ నా పని, గ్రీజు నా గోళ్ళలో. లిస్టులో పేరు మాత్రం ముందు వాడిది.

పోయిన ఏడాది మూడో స్టేజిలో, అంటే ర్యాలీ దారిలో మూడో ముక్కలో, దిబ్బ దాటగానే కుడి మలుపు. కారు రోడ్డుకి ఎడమ పక్క గుంటలోకి పోయి బోల్తా పడింది. వాడి కాలర్ బోన్ విరిగింది. నాకు ఒక గోరు ఊడింది. అప్పటి నుంచీ కనపడిన ప్రతివాడికీ ఒకటే కథ, అక్క మలుపు లేటుగా చదివింది అని. క్లబ్బులో చెప్పాడు. క్షవరం చేయించుకుంటూ చెప్పాడు. నాతో మాత్రం, లేటైందని ఒక్క మాట ఒప్పుకో అక్కా, అక్కడితో అయిపోతుంది అన్నాడు. నేను లేటు కాదురా, నువ్వే స్పీడు అన్నాను. పదకొండు నెలలుగా ఇదే వరస.

ఒప్పుకోను.

మార్చి 5, ఉదయం 6:10

వాడి ఫోన్. మోగనిచ్చాను.

మార్చి 8, శనివారం

సిలిండర్ హెడ్ విప్పి షాపుకి పట్టుకెళ్ళాను. ఓనర్ భోజనానికి వెళ్ళిన గంటలో మిల్లింగ్ మిషన్ మీద అర మిల్లీమీటరు చెక్కాను. కంప్రెషన్ పెరుగుతుంది, ఖర్చు సున్నా. గాలి లోపలికి వెళ్ళే దారులు గుండ్రటి ఆకురాయితో చేత్తోనే నున్నగా చేశాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నా బొటనవేలికి ఇప్పుడు ఫోన్ తెరుచుకోవడం లేదు, ముద్ర అరిగిపోయింది. కార్బురేటర్ పాత ఇనుము కొట్టులో దొరికింది, మాదానికంటే పెద్ద ఇంజనుది. రెంటినీ కలపడానికి మధ్యలో ప్లేటు నేనే కోశాను.

సాయంత్రం దొరగారు వచ్చారు, ఇస్త్రీ చొక్కాలో. అంతా చూసి, రేసు క్యామ్ షాఫ్ట్ కూడా వేస్తే బాగుండేది కదక్కా అన్నాడు. దాని ఖరీదుకి ఇలాంటి కారు ఇంకోటి వస్తుంది. నీ ఇస్త్రీ మానెయ్, మిగిలినదాంతో కొందాం అన్నాను. వాడు నవ్వలేదు. స్పానర్ల వైపు చూస్తూ, ఇంజను ఎంత బలంగా ఉంటే ఏం, ముందు ఏముందో చెప్పేవాళ్ళు టైముకి చెప్పాలిగా అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నా చేతిలో ఆకురాయి ఉంది, పది అంగుళాలది. విసరలేదు. విసరలేదని ఎక్కడో ఒకచోట రికార్డు ఉండాలని రాస్తున్నాను.

మార్చి 12, బుధవారం

మట్టిరోడ్డుకి కారు ఎత్తుగా ఉండాలి, గట్టిగా ఉండాలి, కానీ బంతిలా ఎగరకూడదు. డబ్బున్నవాళ్ళు అట్టపెట్టెలో వచ్చే కిట్ కొని బిగించుకుంటారు. నేను సరుకులు మోసే వ్యాను స్ప్రింగులు తెచ్చి ఒక్కో చుట్టు కోసేశాను. షాక్ అబ్సార్బర్లకి కన్నం చేసి, పాత ఆయిల్ వంచేసి, చిక్కటిది పోసి, కన్నానికి బోల్టు బిగించాను.

అసలు పని వేరే ఉంది. నాలుగు స్ప్రింగుల కిందా మరలు కోసిన గొట్టం, దాని మీద పెద్ద రింగు నట్టు. రింగుని పైకి తిప్పితే కారు ఆ మూల లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. ఒక్కో గొట్టానికి మరలు కోయడానికి లేత్ మీద గంటన్నర. రింగు తిప్పడానికి కొక్కెం స్పానర్ కావాలి. ఆ సైజుది బజారులో లేదు, అదీ నేనే చేసుకున్నాను. ప్రపంచం మొత్తానికి ఒక్కటే ఉంది. షెడ్డులో నా మేకుకి వేలాడుతుంది, కొక్కెం గోడ వైపు తిరిగి.

తమ్ముడి బావమరిది చూడ్డానికి వచ్చాడు. మరదలికి అన్న, టైర్ల షాపు ఆయనది, మనిషి భారీగా ఉంటాడు. స్ప్రింగుని బొటనవేలితో నొక్కి, ఇది వంగట్లేదేంటి వదినగారూ అన్నాడు. మీరు ఎక్కి నిలబడండి, వంగుతుంది అన్నాను. ఆయన నవ్వాడు. పక్కనున్న తమ్ముడు నా వైపు ఉరిమి చూశాడు. ఆయన మీద వీడికి ఇంత గౌరవం ఎప్పటినుంచో.

మార్చి 16, ఆదివారం

ఇవాళ కారుని తూచాం.

పెద్ద టీముల దగ్గర చక్రాల కింద పెట్టే తూకం ప్యాడ్లు ఉంటాయి. మాకు మరదలు పనిచేసే క్లినిక్కులో మనుషుల్ని తూచే మిషన్లు ఉన్నాయి. సెలవు రోజు కాబట్టి నాలుగూ మోసుకొచ్చింది. సాయంత్రానికి వెనక్కి పెట్టేయాలి వదినా అని పదిసార్లు చెప్పింది. ఒక్కో మిషను నూటయాభై కిలోలు దాటి మోయదు, కారు ఒక్కో మూల అంతకంటే బరువు. అందుకని చెక్క పలకలు. పలక ఒక చివర ఇటుక మీద, రెండో చివర మిషను మీద. చక్రం ఇటుక వైపు, పలకలో మూడో వంతు దగ్గర. మిషను చూపించే అంకెని మూడు పెట్టి గుణిస్తే ఆ మూల బరువు. ఈ తెలివి నాది. తమ్ముడు కాలిక్యులేటర్ పట్టుకున్నాడు.

తూచేటప్పుడు ఇద్దరం హెల్మెట్లతో సహా సీట్లలో ఉండాలి. కారు తేలిక, అందులో మనుషుల బరువు తేడా తెస్తుంది. ఎక్కి కూర్చోవడం, మరదలు అంకెలు చదవడం, నేను దిగి రింగు తిప్పడం, మళ్ళీ ఎక్కడం. పదిహేడు సార్లు. వాడు ఒక్కసారీ దిగలేదు. హెల్మెట్ లోపల గురక పెట్టాడు.

ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం కలిపిన బరువు, మిగతా రెండూ కలిపిన బరువుతో సమానం కావాలి. కాకపోతే కారు ఒక కాలు పొట్టిదైన బల్లలా ఊగుతుంది, బ్రేకు కొడితే ఒక పక్కకి లాగుతుంది. సాయంత్రం నాలుగింటికి సమానమైంది. ప్రతి మూలా రింగు మీదా గొట్టం మీదా కలిసేలా తెల్ల పెయింటు చుక్క పెట్టాను. చుక్కలు కలిసి ఉన్నంతకాలం కారు సరిగ్గా ఉన్నట్టు. వాడు డెబ్భై ఒకటి, నేను యాభై ఆరు. ఆ సీట్లో ఇంకెవరు కూర్చున్నా లెక్క తప్పుతుంది.

రాస్తుంటే గర్వంగానే ఉంది. వాడికి చెప్పలేదు.

మార్చి 17

నా బరువు అమ్మకి చెప్పాడు, ఇక పొద్దున్నించీ చిక్కిపోయావే అని ఒకటే గొడవ.

మార్చి 20, గురువారం, సాయంత్రం 5

పాత క్వారీ రోడ్డు మీద నడిపి చూశాం. బ్రేకు కొడితే నిలువుగా ఆగుతోంది. గుంటల మీద రెండోసారి ఎగరడం లేదు. రెండో గేరులో ఇంజను ఇంతకుముందెప్పుడూ లాగనంత లాగింది.

తమ్ముడు స్టీరింగ్ నిమిరి, ఇప్పుడు మాట వింటున్నావే అన్నాడు. కారుతో అన్నాడు. పక్కన మనిషి ఉన్నట్టు గుర్తు లేదు.

మార్చి 23, ఆదివారం

రెక్కీ. అంటే ర్యాలీ రోడ్డు మీద ముందుగా ఒక్కసారి నెమ్మదిగా తిప్పి, మలుపులన్నీ రాసుకోవడం. ఒకటి అంటే ఇంచుమించు వెనక్కి తిరగడం, ఆరు అంటే మలుపే కాదు. వాడు అంకె చెబుతాడు, నేను రాస్తాను. మూడు స్టేజీలకి యాభై రెండు పేజీలు పట్టాయి.

ఈ ఏడాది కొత్త రూలు. కొంతమంది దొంగతనంగా రెండోసారి తిరిగి నోట్స్ మార్చుకుంటున్నారట. అందుకని రెక్కీ అవగానే క్లబ్బు వాళ్ళు పుస్తకం అట్ట మీద సీలు వేసి, లోపల ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టి రాస్తున్నారు. ర్యాలీ రోజు ఆ పుస్తకమే కారెక్కాలి. పేజీ తగ్గినా, వేరే పుస్తకం కనపడినా ఇంటికే. బల్ల దగ్గరాయన తిరగేసి చూసి, వెనక ఏదో రాసుకున్నారే అన్నాడు. వర్క్‌షాప్ వివరాలండీ అన్నాను. తొంభై ఆరు అని రాసి సీలు వేశాడు. నా పుస్తకం, నా ఒళ్ళో ఉండేది. నాకేం భయం అనుకున్నాను.

మూడో స్టేజిలో ఆ దిబ్బ దగ్గర వాడు కారు ఆపేశాడు. ఇంజను ఆడుతోంది. ఇద్దరం గుంట వైపు చూశాం. కిందటేడు పగిలిన మా హెడ్‌లైటు అద్దం ముక్క ఇంకా అక్కడే ఉంది. దిబ్బ, వెంటనే కుడి రెండు అన్నాడు. రాశాను. గేరు వేస్తూ, ఈసారైనా టైముకి చదువు అన్నాడు. 

మార్చి 27

వాడంటే నాకు అసహ్యం. ఇది ఊరికే రాయడం లేదు, పొద్దున టీ తాగుతూ నిదానంగా ఆలోచించి రాస్తున్నాను.

మార్చి 31, సోమవారం

షాపు నుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళాను, బోల్టులు ఆఖరిసారి చూద్దామని. స్పానర్ మేకుకే ఉంది. కొక్కెం ఇటు తిరిగి ఉంది.

నేను అలా వేలాడదీయను.

టార్చి పట్టుకుని కారు కిందికి దూరాను. మూడు మూలలా చుక్కలు కలిసే ఉన్నాయి. ముందు ఎడమ రింగు చుట్టున్నర పైకి లేచింది. ముందు ఎడమ అంటే నా సీటు వైపు. ఎవరో అటు పక్క కారు కిందికి కుంగుతోందని పైకి లేపారు. నేను కూర్చుంటే కుంగదు. అక్కడ కూర్చునే మనిషికి నాకంటే ముప్పై నలభై కిలోలు ఎక్కువ ఉండాలి.

మాకు తెలిసినవాళ్ళలో అంత మనిషి ఒక్కడే.

మిగతా మూడూ ముట్టుకోకుండా తమ్ముడు ఒక్క మూల లేపాడు, వెధవ. చూడ్డానికి కారు తిన్నగానే ఉంటుంది. తూచి ఉంటే తెలిసేది. ఇప్పుడు బ్రేకు కొడితే ఎడమకి లాగి తీరుతుంది. ఇన్నాళ్ళ నా పని ఒక్క చుట్టున్నరలో తగలేశాడు. అది ముందు బాధ వేసింది. సీటు పోయిందన్న బాధ గేటు దాటాక వచ్చింది.

ఏప్రిల్ 1, మంగళవారం

వాడి ఆఫీసుకి వెళ్ళి మెట్ల దగ్గర నిలబెట్టి అడిగాను. బుకాయించలేదు, అదొక్కటే నయం. బావ ఆరు కొత్త గ్రావెల్ టైర్లు ఇస్తున్నాడు, బదులుగా పక్క సీటు అడిగాడు అన్నాడు. ర్యాలీ ఫారంలో నా పేరు శుక్రవారమే మార్చేశాడట. మన టైర్లు గుండు కొట్టించుకున్నట్టున్నాయి, నువ్వే చూశావుగా అన్నాడు.

టైర్ల కోసమేనా అని అడిగాను.

 కాదు అన్నాడు. రెక్కీ రోజు ఆ దిబ్బ దగ్గర నా కాలు దానంతటది బ్రేకు మీదికి పోయిందక్కా అన్నాడు. అక్కడ నీ గొంతు నేను నమ్మలేను. తప్పు అందరూ చేస్తారు. ఒప్పుకుని ఉంటే ఆ రోజే మర్చిపోయేవాణ్ణి. చేయలేదన్నదాన్ని మళ్ళీ చేయవని ఎలా నమ్మమంటావ్ అన్నాడు. వాడి పక్క నుంచి ఫైళ్ళు మోసుకుని ఎవరో దిగుతుంటే, జరిగి దారి కూడా ఇచ్చాడు.

నోటికొచ్చింది తిట్టాను. అవి ఇక్కడ రాయను. అన్నీ అయ్యాక, పుస్తకం శనివారం పొద్దున ఇచ్చెయ్ అక్కా, సీలుందిగా అన్నాడు.

పుస్తకం. అంటే ఇది.

ఏప్రిల్ 2

కారు ఎడమకి లాగుతుందని వాడికి చెప్పలేదు. లాగనీ.

ఏప్రిల్ 3, గురువారం

షాపుకి సెలవు పెట్టాను. షెడ్డులో టైరు మీద కూర్చుని రాస్తున్నాను. తర్వాత రాస్తానన్నది ఇప్పుడు రాస్తాను, లేకపోతే ఇంకెప్పటికీ రాయను.

పోయిన ఏడాది పుస్తకం కూడా ఇలాంటిదే. ర్యాలీకి ముందు రోజు వాడితో ఏదో గొడవ. ఏం గొడవో గుర్తు కూడా లేదు. పుస్తకం వెనక వాడి గురించి ఒక పేజీ నిండా రాశాను. ఒక్కసారి కారు బోల్తా పడితే గానీ వీడి పొగరు దిగదు అని ఆఖరి లైను. పొద్దున్నే చదువుకుంటే నాకే సిగ్గేసింది. వాడి కంట పడకూడదని ఆ ఆకు చింపేశాను.

మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకంలో వెనక ఒక ఆకు చింపితే ముందు దాని జంట ఆకు పట్టు వదిలేస్తుంది. ఇది చిన్న పిల్లలకి కూడా తెలుసు. నేను మైక్రాన్లు కొలిచి బతికే మనిషిని, నాకు తట్టలేదు.

మూడో స్టేజిలో కారు గుంటల్లో ఎగురుతుంటే ఆ వదులు ఆకు జారిపోయింది. నేను చూడలేదు. నూటయాభై నేరుగా అని చదివి పేజీ తిప్పాను. తర్వాత ఉండాల్సిన దిబ్బ లేదు, కుడి రెండు లేదు. దాని తర్వాతెప్పుడో వచ్చే ఎడమ ఐదు ఉంది. నాకు అర్థం కాలేదు. ఎదురుగా దిబ్బ కనపడుతోంది, కాగితం మీద లేదు. తలెత్తి కుడి అని అరిచేసరికి గాల్లో ఉన్నాం.

లేటుగానే చదివాను. వాడు పదకొండు నెలలుగా చెప్పేది నిజం. వాడి స్పీడు సరిగ్గానే ఉంది.

కారు గ్యారేజీకి వచ్చాక సీటు కింద ఆ ఆకు దొరికింది, వాడి బూటు ముద్రతో సహా. నా మైక్రోమీటరు పెట్టెలో దాచాను. ఆస్పత్రిలో భుజానికి కట్టుతో కూర్చున్నవాడి ముఖం మీదే, నువ్వే స్పీడు అన్నాను. అప్పుడు భయంతో అన్నాను. తర్వాత అది నోటికి అలవాటైపోయింది. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు నిజమైపోతుందేమో అనుకున్నాను. వాడి మీద ఇంత కోపం ఎందుకొస్తోందో నాకు తెలుసు. వాడిది తప్పైతే ఇంత వచ్చేది కాదు.

ఇప్పుడు కొత్తది. దిబ్బ దిగుతూనే కుడి రెండు కోసం వాడు గట్టిగా బ్రేకు కొడతాడు. కారు ఎడమకి లాగుతుంది. ఎడమ పక్కనే గుంట. నేను నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే చాలు, వాడు మళ్ళీ అక్కడికే వెళ్తాడు. ఈసారి పక్కన టైర్లాయన, ఇద్దరు పిల్లల తండ్రి.

నిన్న లాగనీ అని రాశాను. పైన ఉంది, చింపలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

టైర్లాయన్ని షెడ్డుకి పిలిపించాను. మరదలు డ్యూటీ మధ్యలో మిషన్లు తెచ్చి ఇచ్చింది, మూడింటికల్లా వెనక్కి కావాలి వదినా అంది. తమ్ముడికి ఆఫీసట. రాకపోవడమే మంచిదైంది. వాడి సీట్లో ఇసుక సంచి పెట్టాను, డెబ్భై ఒకటి. వాడికంటే బుద్ధిగా కూర్చుంది.

బావమరిదిని ముందు విడిగా తూచాను. తొంభై నాలుగు. ఆయన ఊపిరి బిగబట్టి మళ్ళీ చూడమన్నాడు. పొట్ట లోపలికి లాక్కుంటే తూకం తగ్గదండీ అన్నాను. ఎక్కించాను, దింపాను, ఎక్కించాను. పదకొండు సార్లు. నాలుగు మూలలా తిప్పి సమానం చేశాక కొత్త చోట పసుపు చుక్కలు పెట్టాను. తెల్ల చుక్కలు చెరపలేదు. చెరిపే టైము లేదు.

తర్వాత రెండు గంటలు నా నోట్స్ చదవడం నేర్పాను. నా చేతిరాత చూసి ఇదేం భాష వదినగారూ అన్నాడు. మూడో స్టేజి దిబ్బ దగ్గర పేజీని ఆరుసార్లు చదివించాను. నూటయాభై అన్న మాట పూర్తవకముందే దిబ్బ అనాలి, అక్కడ ఊపిరి తీసుకోకూడదు అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. వెళ్తూ, మీ సీటు తీసుకున్నానని కోపంగా ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను. మరి ఇదంతా ఎందుకు అన్నాడు. కారు నాది అన్నాను.

ఏప్రిల్ 5, శనివారం, ఉదయం 7:20

ఎనిమిదింటికి వాడు పుస్తకం కోసం వస్తాడు.

చింపలేను. తొంభై ఆరు అని అట్ట మీద ఉంది. వెనక పేజీలన్నీ కలిపి పిన్ను కొడదామా అనుకున్నాను. పిన్ను కొట్టిన పేజీలే వాడు ముందు తెరుస్తాడు, వాడి సంగతి నాకు తెలీదా. ఇవ్వను పొమ్మంటే నోట్స్ లేకుండానే బయల్దేరతాడు. మొండివాడు, మా ఇంటి రక్తమే.

ఇస్తాను. చదువుతాడు. పదకొండు నెలల అబద్ధం, అసహ్యం అన్న మాట, లాగనీ అన్న మాట, అన్నీ చదువుతాడు. మైక్రోమీటరు పెట్టెలోంచి ఆ పాత ఆకు తీసి ఇక్కడే పెట్టాను.

గేటు చప్పుడు.

ఏప్రిల్ 8, మంగళవారం

పుస్తకం మరదలి చేత పంపించాడు. ముప్పై నాలుగు కార్లలో పంతొమ్మిదో స్థానం. ఫినిష్ చేశారు. దిబ్బ దగ్గర టైర్లాయన టైముకే చదివాడట, కారు గీత గీసినట్టు ఆగి తిరిగిందట. ఆఖరున కిటికీలోంచి వాంతి చేసుకున్నాడట, అయినా చదవడం ఆపలేదట. వచ్చే ర్యాలీకీ పక్క సీటు నాదే అంటున్నాడని మరదలు చెప్పింది.

పేజీలు లెక్కపెట్టాను. తొంభై ఆరూ ఉన్నాయి. పాత ఆకు లేదు.

మీ ఆయన ఏమన్నా అన్నాడా అని అడిగాను. ఏం లేదు వదినా, ఆదివారం సాయంత్రం నుంచీ మాట్లాడట్లేదు అంది.

కడుపులో ఉన్నదంతా కక్కి చేతికిస్తే ఒక్క మాట లేదు. తిట్టొచ్చుగా. నేను వాడి భుజం విరగ్గొట్టి ఏడాది పాటు వాణ్ణే తప్పుబట్టాను. వచ్చి నా ముఖం మీద తిట్టడానికి కూడా పనికిరానా.

ఏప్రిల్ 10

ఫోన్ లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం, ఉదయం 9

షెడ్డుకి వెళ్ళాను, నా సామాన్లు తెచ్చేసుకుందామని. స్పానర్ మేకుకి ఉంది, కొక్కెం గోడ వైపు. కారు కింద చూశాను. పసుపు చుక్కలు విడిపోయి ఉన్నాయి. మూడు మూలలా నా బరువుకి పెట్టిన తెల్ల చుక్కలు కలిసి ఉన్నాయి. వెనక కుడిది రాళ్ళు తగిలి చెరిగిపోయింది, అక్కడ ఉజ్జాయింపుగా పెట్టాడు. పావు చుట్టు తక్కువ. ఒక్క పనీ పూర్తిగా చేతకాదు వెధవకి.

ఫోన్ చేసి తిట్టాను. మొత్తం విన్నాడు.